పాట పోయిన కెమెరా మళ్లీ మనకే ఇస్తామంటే?

ప్రశ్న: మాది తణుకు. పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తుంటాను. పాత కెమెరాలు అమ్ముకునే ఒక ఆన్‌లైన్ గ్రూపులో సోనీ ఏ7 మార్క్ 3 బాడీ వేలానికి పెట్టారు. నేను 68 వేల దాకా పాడాను. వేరే ఆయన 72 వేలకు పాడుకున్నాడు. రెండు రోజులకు ‘ఆయన డబ్బు కట్టలేదు, మీరు పాడిన రేటుకే ఇచ్చేస్తాను’ అని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. పుణెలో ఆర్మీలో ఉన్నానని, బదిలీ అయిందని చెప్పి ఐడీ కార్డు, ఆధార్ ఫోటోలు పంపాడు. నా ఆధార్ అడిగితే నేనూ పంపాను. టోకెన్ కింద 10 వేలు, తర్వాత జీఎస్టీ అంటే 12,240 వేశాను. ఇప్పుడు పార్శిల్ ఇన్సూరెన్స్‌కి 9,500 కట్టమంటున్నాడు, డెలివరీ అయ్యాక తిరిగొస్తాయట. నాకొద్దంటే ‘వేలంలో పాడి వెనక్కి పోతే కేసవుతుంది’ అని బెదిరిస్తున్నాడు. నా డబ్బు వస్తుందా? కేసు పుణెలో పెట్టాలా, ఇక్కడా? ఇంకో సంగతి. మా ఫ్రెండ్ ఇలాగే ఆన్‌లైన్‌లో కొన్న లెన్స్ ఓ అద్దె షాపుదని పోలీసులు ఫోన్ చేశారు. లెన్స్ ఇచ్చేయాల్సిందేనా?

జవాబు: ఆ 9,500 కట్టకండి. ఈ జవాబు మొత్తం చదవడానికి ముందే 1930కి ఫోన్ చేయండి. కేంద్ర హోంశాఖ కింద నడిచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ అది. మీరు డబ్బు వేసిన ఖాతాలో ఇంకా ఏమైనా మిగిలి ఉంటే బ్యాంకు దాన్ని కదలకుండా ఆపేస్తుంది. ఇలాంటి డబ్బు మొదటి ఖాతాలో ఎక్కువసేపు ఉండదు. అక్కడి నుంచి రెండో ఖాతాకు, మూడో ఖాతాకు పోయి చివరికి ఏదో ఏటీఎంలో తేలుతుంది. అందుకే గంటలు లెక్క. మీరు రెండుసార్లు వేశారు కాబట్టి రెండు చెల్లింపులకూ విడివిడిగా యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య), సమయం, మొత్తం దగ్గర పెట్టుకుని మాట్లాడండి. ఆ తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, దాని నంబరు రాసి పెట్టుకోండి. మీ బ్యాంకుకు కూడా ఈమెయిల్‌లోనో కాగితం మీదో తెలియజేయండి. నోటిమాటగా చెప్పి వచ్చేయకండి.

మూడు రోజుల్లో చెబితే బ్యాంకే మొత్తం ఇచ్చేస్తుందని ఎవరైనా మీతో అంటే దాని మీద ఆశ పెట్టుకోవద్దు. 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆ రక్షణ, మన ప్రమేయం లేకుండా ఖాతాలోంచి డబ్బు పోయినప్పటిది. మీరు మోసపోయినా సరే, పిన్ కొట్టింది మీరే. మీకు దారి బ్యాంకు మీద పోట్లాట కాదు, పోలీసు ఫిర్యాదూ, అవసరమైతే కోర్టు ఉత్తర్వూ.

కేసు ఎక్కడ అన్నారు. తణుకులోనే. ఫోన్ ద్వారా, మెసేజ్‌ల ద్వారా జరిగిన మోసమైతే ఆ మెసేజ్ పంపిన చోటా, అందుకున్న చోటా రెండు చోట్లా విచారణ జరపవచ్చని భారతీయ నాగరిక సురక్షా సంహిత (ఒకప్పటి సీఆర్‌పీసీ) 202వ సెక్షన్ చెబుతోంది. ‘పుణె వెళ్లండి’ అని స్టేషన్‌లో అంటే అదే సంహితలోని 173వ సెక్షన్ గుర్తుచేయండి. నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకుని నమోదు చేయాల్సిందే. అప్పటికీ తీసుకోకపోతే అదే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లే దారి ఉంది. ఫిర్యాదులో భారతీయ న్యాయ సంహిత 318(4), అంటే ఒకప్పటి ఐపీసీ 420, దానితోపాటు వేరే మనిషిలా నటించినందుకు 319, ఐటీ చట్టంలోని 66డి రాయండి. 318(4) కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఐటీ చట్టం కేసును ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి కాబట్టి వీలైతే నేరుగా సీఐ గారిని కలవండి.

డబ్బు విషయం ఉన్నదున్నట్టు చెబుతాను. ఖాతాలో ఎంత ఆగితే మీ ఆశ అంత వరకే. ఆగిన డబ్బైనా దానంతటది మీ ఖాతాలోకి రాదు, దాని కోసం అడగాలి, అవసరమైతే కోర్టులో దరఖాస్తు పెట్టి మేజిస్ట్రేట్ ఉత్తర్వు తెచ్చుకోవాలి. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలాంటి డబ్బు బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. మీరు మీ మండల న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, సాయానికి లాయరు అక్కడే దొరకవచ్చు. 22,240 కోసం వేలు పోసి ప్రైవేటు లాయరును పెట్టుకోమని నేను చెప్పను.

ఇక మీ ఆధార్. నన్ను అడిగితే డబ్బు కంటే దీని గురించే కాస్త టెన్షన్ పడాలి. వాడు మీకు పంపిన ఆధార్, ఐడీ కార్డు ఎవరివి అనుకుంటున్నారు? మీలాగే కెమెరాకో బండికో టోకెన్ వేసిన ఇంకొకరివి అయ్యే అవకాశమే ఎక్కువ. రేపు మీ కార్డు ఇంకో ఊళ్లో ఇంకో కొనుగోలుదారుడికి ‘నమ్మకం’ కోసం వెళ్తుంది. కాబట్టి ఫలానా తేదీన ఫలానా నంబరుకు నా ఆధార్ పంపాను అన్న వాక్యం ఫిర్యాదులో తప్పకుండా ఉండాలి. రేపు ఎవరైనా మీ గుమ్మం ముందుకు వస్తే మిమ్మల్ని కాపాడేది ఆ వాక్యమే. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్‌లోకి వెళ్లి బయోమెట్రిక్స్ లాక్ చేయండి. ఇకపై ఎవరికైనా ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి.

బెదిరింపుకు వస్తాను. వేలంలో పాడినంత మాత్రాన మీరు ఇరుక్కుపోలేదు. వస్తు విక్రయ చట్టం 1930 (హెల్ప్‌లైన్ నంబరుతో కలవడం కాకతాళీయం) 64వ సెక్షన్ ప్రకారం, పాట ముగిసిందని ప్రకటించేలోగా ఎవరైనా తన పాట వెనక్కి తీసుకోవచ్చు. 72 వేలకు ఇంకొకరు పాడగానే మీ 68 వేల పాట పోయింది. రెండు రోజుల తర్వాత వచ్చింది కొత్త బేరం. నచ్చితే కొంటారు, లేకపోతే లేదు. మోసంతో ఒప్పించిన బేరాన్ని రద్దు చేసుకునే హక్కు కాంట్రాక్ట్ చట్టం ఇస్తోంది కాబట్టి, టోకెన్ వేశాక కూడా మీరు వెనక్కి తగ్గవచ్చు. అదే 64వ సెక్షన్‌లో ఇంకో మాటుంది. రేటు పెంచడానికి అమ్మేవాడు దొంగపాట పాడిస్తే ఆ అమ్మకాన్ని కొన్నవాడు రద్దు చేసుకోవచ్చు. మీ గ్రూపులో 72 వేలకు పాడిన ‘ఆయన’ అసలు ఉన్నాడా అన్నది నా అనుమానం. ఆ అకౌంట్ స్క్రీన్‌షాట్ కూడా ఫిర్యాదుకు జతచేయండి.

ఈ ‘రెండో అవకాశం’ ఎత్తు మన దగ్గర పుట్టింది కాదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఈబే అనే వేలం సైట్‌లో దీన్ని ఎప్పటి నుంచో చూస్తున్నారు. అక్కడ పాట ఓడినవాళ్లకు నిజంగానే సెకండ్ చాన్స్ ఆఫర్ అనే పద్ధతి ఉంది. దాన్ని అనుకరిస్తూ దొంగ మెయిల్ వస్తుంది. అసలుదైతే ఈబే మెసేజ్‌లలో కనిపిస్తుంది, డబ్బు కూడా సైట్‌లోనే కట్టాలి. సైట్ దాటి బయట కడితే ఈబే ఇచ్చే మనీ బ్యాక్ గ్యారంటీ వర్తించదు. మీ విషయంలోనూ బేరం గ్రూపు దాటి వాట్సాప్‌లోకి వచ్చిన క్షణమే తేడా వచ్చింది. గ్రూపులో ఉంటే పదిమంది చూస్తారు, పాత బాధితుడెవడో కింద కామెంట్ పెడతాడు. వాడికి అది పడదు.

ఆర్మీ కథ కూడా పాతదే. బదిలీ అయింది, సామాను తీసుకెళ్లలేను, అందుకే తక్కువకి. బండ్లు, ఫ్రిజ్‌లు, కెమెరాలు అన్నీ ఇదే మాటతో అమ్మారు. ఇలాంటి కేసుల్లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పరిసరాల ముఠాలను గతంలో మన పోలీసులు పట్టుకున్నారు. యూనిఫాం ఫోటో చూపించి నమ్మమనడంలోనే కిటుకు ఉంది: అడగకుండానే ఐడీ కార్డు పంపేవాడిని ఇంకాస్త ఎక్కువ అనుమానించాలి.

జీఎస్టీ దగ్గర మాత్రం మీరు వాడిని పట్టుకోగలిగి ఉండేవారు. 12,240 అంటే 68 వేలకు సరిగ్గా 18 శాతం. లెక్క కుదిరింది కాబట్టి నిజమనిపించింది. కానీ సొంత కెమెరా అమ్ముకునే మామూలు మనిషికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండదు. రిజిస్ట్రేషన్ లేనివాడు పన్ను వసూలు చేయకూడదని కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం 32వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. వ్యాపారి అయితే పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు అడిగి జీఎస్టీ పోర్టల్‌లో చూడండి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రకు 37, మహారాష్ట్రకు 27. పుణె షాపు అని చెప్పి ఇంకో అంకెతో మొదలయ్యే నంబరు ఇస్తే అక్కడితో ఆపేయవచ్చు. ఇన్సూరెన్స్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. డెలివరీ అయ్యాక తిరిగిచ్చే ఇన్సూరెన్స్ ప్రీమియం ఏ కంపెనీలోనూ ఉండదు.

డబ్బు పంపే ముందు యూపీఐలో బ్యాంకు ఖాతాదారుడి పేరు కనిపిస్తుంది. అమ్మేవాడు చెప్పిన పేరు, ఐడీ మీది పేరు, ఈ పేరు ఒకటి కాకపోతే ‘మా బావమరిది ఖాతా’ లాంటి జవాబులు వినకండి. సైబర్‌క్రైమ్ పోర్టల్‌లోనే అనుమానిత ఫోన్ నంబర్లు, యూపీఐ ఐడీలు వెతికి చూసుకునే ఏర్పాటు కూడా ఉంది. అక్కడ కనిపించలేదంటే మంచివాడని కాదు. ఆ నంబరు మీద ఇంకా ఎవరూ చెప్పలేదేమో.

వస్తువు నిజంగా వాడి దగ్గర ఉందో లేదో తేల్చడం ఫోటోగ్రాఫర్‌గా మీకు నాకంటే బాగా తెలుసు. లాయరుగా నాకు పనికొచ్చేవి మాత్రం చెబుతాను. బాడీ కింద సీరియల్ నంబరు కనిపించేలా, పక్కన ఆ రోజు పేపరో మీ పేరు రాసిన చీటీయో పెట్టి వీడియో అడగండి. ఆ కెమెరాతోనే తీసిన ఒక ఒరిజినల్ జేపెగ్‌ను వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫోటోగా పంపితే ఫైల్ లోపల కెమెరా గురించి దాగి ఉండే ఎగ్జిఫ్ వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా అయితే ఉంటాయి. చాలా మోడళ్లలో అందులో సీరియల్ నంబరు, కొన్నింటిలో షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా కొట్టిన క్లిక్కుల లెక్క) కూడా దొరుకుతుంది. మీరు చూసిన ఏ7 మార్క్ 3 షట్టర్‌కు కంపెనీ చెప్పే లెక్క 2 లక్షల క్లిక్కులు. కాబట్టి ‘పెద్దగా వాడలేదు’ అన్న మాటను అంకెలతో సరిచూడవచ్చు. రేపు గొడవైతే ఆ చాట్‌లోని మాటే అబద్ధపు వర్ణనకు రుజువు అవుతుంది. అన్నిటికంటే మంచిది మనిషిని కలిసి, వస్తువు చేతికి తీసుకుని, అక్కడే డబ్బు వేయడం. పుణె అంత దూరం వెళ్లలేకపోతే పుణెలో కెమెరా కొనకండి.

మీ ఫ్రెండ్ లెన్స్ సంగతి వేరు, అక్కడ వస్తువు నిజమే, అమ్మినవాడికి హక్కు లేదు. లెన్స్ అద్దెకు తీసుకున్నవాడి చేతిలో ఉన్నా సొంతం కాదు. తనకు లేని హక్కును అమ్మేవాడు ఇంకొకరికి ఇవ్వలేడని వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్. మీ ఫ్రెండ్ పూర్తి డబ్బిచ్చి, నిజాయితీగా కొన్నా లెన్స్ అద్దె షాపుదే. కాస్త మినహాయింపు ఎక్కడంటే, షాపువాడే మోసపోయి లెన్స్‌ను ఎవరికో అమ్మేసి, ఆ అమ్మకాన్ని రద్దు చేసేలోగా మీ ఫ్రెండ్ మోసం సంగతి తెలియకుండా కొని ఉంటే 29వ సెక్షన్ ఆయన పక్షాన నిలుస్తుంది. అద్దెకిచ్చిన వస్తువుకు అది పనికిరాదు.

ఆయన భయపడాల్సింది లెన్స్ పోతుందని మాత్రమే కాదు. దొంగసొత్తు అని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి కూడా కొంటే న్యాయ సంహిత 317 కింద ఆయన మీదే కేసు అవుతుంది. మార్కెట్ రేటులో మూడో వంతుకు, బిల్లు లేకుండా, పెట్టె లేకుండా కొన్నారా? అయితే ‘నాకు అనుమానం రాలేదు’ అనడం కష్టం. ఫోన్‌కి అయితే ఐఎంఈఐ నంబరుతో ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో సరిచూసుకోవచ్చు, కెమెరా సామానుకు అలాంటి ప్రభుత్వ రిజిస్టర్ లేదు. అందుకే పాత బిల్లు కాపీ, అమ్మినవాడి సంతకంతో చిన్న రసీదు అడగడం ముఖ్యం. ఇప్పుడు ఆయన చేయాల్సింది ఇది: చాట్ ఒక్క ముక్క కూడా చెరపకుండా, డబ్బు వేసిన వివరాలతో స్టేషన్‌కు వెళ్లి లెన్స్ అప్పగించడం, స్వాధీనం చేసుకున్నట్టు రాసిన కాగితం కాపీ తీసుకోవడం. ఫోన్‌లో మాత్రమే పిలిస్తే రాతపూర్వకంగా నోటీసు ఇమ్మని మర్యాదగా అడగవచ్చు. పోలీసునని చెప్పి ఫోన్‌లోనే ‘సెటిల్‌మెంట్’ డబ్బు అడిగితే అది ఇంకో మోసం. ఆయన ఇచ్చిన డబ్బు మాత్రం అమ్మినవాడి నుంచి రాబట్టుకోవచ్చు. అమ్మే హక్కు తనకుందన్న హామీ ప్రతి అమ్మకంలోనూ ఉంటుందని 14వ సెక్షన్ చెబుతుంది.

వినియోగదారుల కమిషన్ గురించి మీరు అడగలేదు కానీ అడుగుతారని తెలుసు. సొంత వస్తువు ఒక్కసారి అమ్ముకున్న మనిషి మీద అక్కడ కేసు నిలబడటం కష్టం. అదే పాత కెమెరాల వ్యాపారి దగ్గర కొంటే వెళ్లవచ్చు, అదీ రెండేళ్లలోగా, మీరుండే జిల్లాలోనే. ‘నువ్వు పెళ్లిళ్లు తీసి సంపాదిస్తావు, వినియోగదారుడివి కావు’ అని అవతలి లాయరు వాదిస్తాడు. స్వయం ఉపాధితో బతకడానికి కొన్నది వాణిజ్య ప్రయోజనం కాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే వివరణ ఉంది. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు.

సాక్ష్యం ఫోన్‌లోనే ఉంది కాబట్టి ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి, గ్రూపులోంచి బయటికి రాకండి. స్క్రీన్‌షాట్లను కోర్టు చూడాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, ఆ సమయానికి అసలు చాట్ మీ దగ్గర ఉండాలి. వాడిని తిట్టి బ్లాక్ చేయాలనిపిస్తుంది, ముందు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

కొన్నాళ్లకు ‘మీ డబ్బు రికవరీ చేసి పెడతాం, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి’ అంటూ ఇంకెవరో ఫోన్ చేయవచ్చు. మోసపోయినవాళ్ల నంబర్లు చేతులు మారుతుంటాయి. ఆ ఫోన్ నంబరును కూడా అదే ఫిర్యాదుకు జతచేసి స్టేషన్‌లో ఇచ్చేయండి.