రాళ్ల సంచి కొన్న వంశీకి

పద్మారావునగర్,
హైదరాబాద్

చిరంజీవి వంశీకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు సుత్తి కొన్నావనీ, ఖాజాగూడ గుట్ట మీద ఒక పూటంతా తిరిగి ఒక్క స్ఫటికమూ దొరకక ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. దొరకవు నాయనా. సుత్తి అందరికంటే చివర సంచిలోంచి తీయాల్సిన వస్తువు. నువ్వు మొదటే తీసినట్టున్నావు.

మన ఊరి గుట్టలు గ్రానైటువి. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట, భూమి లోపల ఎంతో లోతున, కరిగిన రాయి నెమ్మదిగా గడ్డకట్టింది. పైన కప్పు అంతా అరిగి కొట్టుకుపోయాక ఇలా బయటపడింది. నిజానికి ఆ రాతిలో ప్రతి గింజా స్ఫటికమే. గులాబీ రంగువి పొటాష్ ఫెల్డ్‌స్పార్, గాజు పెంకులా బూడిదగా ఉన్నవి పలుగురాయి, నల్లగా రేకులుగా ఊడేది అభ్రకం. అయితే అన్నీ ఒకేచోట ఒకదాన్నొకటి నొక్కుకుంటూ పెరిగాయి. ఆఫీసుల వేళ సిటీ బస్సు ఎక్కినవాడికి చేతులు చాపుకునే వీలుంటుందా? స్ఫటికం ముఖాలు తీరాలంటే దాని చుట్టూ ఖాళీ ఉండాలి. కాబట్టి గుట్ట మీద ముందు ఆ ఖాళీలు ఎక్కడెక్కడ ఉండవచ్చో చూడు.

గ్రానైటు గడ్డకట్టే క్రమంలో చివరికి మిగిలే ద్రవంలో నీరు ఎక్కువ. అది పగుళ్లలోకి దూరి అక్కడే గట్టిపడితే పెగ్మటైట్ అంటాం. దూరం నుంచి చూస్తే బండకు అడ్డంగా లేత రంగు పట్టీ కట్టినట్టుంటుంది. దగ్గరికి వెళ్తే, అప్పటిదాకా మెతుకంత ఉన్న గింజలు హఠాత్తుగా పిడికిలంత అవుతాయి. అంచుల్లో ఫెల్డ్‌స్పార్, మధ్యలో పలుగురాయి. ఆ మధ్య భాగంలో అరుదుగా ఒక గుల్ల ఉంటుంది. అందులో ఆరు పలకలుగా, మొన తేలి నిలబడ్డ పలుగురాయి కనిపిస్తే ఆ రోజు నీది. రాతి పగుళ్ల వెంట పిస్తా రంగు పూత కనిపిస్తే అది ఎపిడోట్, ఒకప్పుడు వేడినీళ్లు పారిన జాడ. మన గ్రానైటులో చాలాచోట్ల ఉంటుంది, చాలామంది పాచి అనుకుని వదిలేస్తారు.

ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్రాళ్ల జోలికి మాత్రం పోకు. నేల లోపల ఉన్నప్పుడే పగుళ్లలోకి నీరు దిగి మూలలు తినేయడంతో గుండ్రంగా మారిన రాళ్లు అవి. చుట్టూ పొడిగా మారిన మొరం వానలకు కొట్టుకుపోయి అవి మిగిలాయి. వాటిని కాపాడడానికి 1996 నుంచి ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ వాళ్లు తిరుగుతూనే ఉన్నారు, మనవాళ్లు పేల్చుతూనే ఉన్నారు. నీ సుత్తి కూడా అక్కర్లేదు. కేబీఆర్ జాతీయ ఉద్యానవనంలో గులకరాయి కూడా ఏరకూడదు. మరి ఎక్కడ వెతకాలంటావా? సెల్లార్ల కోసం తవ్విపోసిన రాళ్ల కుప్పల్లో, క్వారీల పక్కన పారేసిన ముక్కల్లో. ముందు మేస్త్రీనో యజమానినో అడుగు. చిన్నపిల్లవాడివి, వద్దనరు. పేలుళ్లు జరిగే రోజున మాత్రం ఆ దరిదాపుల్లో ఉండకు.

పొద్దున్నే వెళ్లు. సూర్యుడికి ఎదురుగా నడువు. ఏటవాలు వెలుగులో స్ఫటికం ముఖాలు తళుక్కుమంటాయి. మిట్టమధ్యాహ్నం అన్ని రాళ్లూ ఒకటే. వానలు వెనకబట్టాక, దసరా నుంచి సంక్రాంతి దాకా మంచి కాలం. రాయి కింద వేళ్లు పెట్టి ఎత్తకు. తేళ్లకు ఆ చోటు మనకంటే ముందునుంచీ తెలుసు. సుత్తి ఎత్తే ముందు కళ్లద్దాలు పెట్టుకో.

దొరికినదాన్ని గుర్తుపట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. చాకు మొన పలుగురాయిని గీయలేదు, సున్నపురాయిలో ఉండే కాల్సైటును గీస్తుంది. గీసిన పొడి మీద నిమ్మరసం చుక్క వేసి భూతద్దంలో చూడు, కాల్సైటైతే సన్నగా బుడగలొస్తాయి. మీ వంటింట్లోని తాండూరు బండ సున్నపురాయే. అభ్యాసానికి దాని మూల ఒకటి పనికొస్తుంది. మీ అమ్మ చూడకుండా చెయ్యి, నిమ్మరసానికి మెరుపు పోతుంది. ఫెల్డ్‌స్పార్ పగిలితే నున్నటి పలకలుగా, దాదాపు లంబకోణంలో విడుతుంది. పలుగురాయికి అలాంటి క్రమం లేదు, సీసా పెంకులా వంపుగా పగులుతుంది.

ఇంకొకటి. ముప్ఫై ఏళ్లు భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పాను కదా, ఏటా ఎవరో ఒకరు పలుగురాయి తెచ్చి “మేడం, వజ్రమేనా?” అని రహస్యంగా అడిగేవారు. గోల్కొండ వజ్రాల బజారు, గని కాదు. అక్కడ అమ్ముడైనవి కొల్లూరు వంటి కృష్ణాతీరపు చోట్ల నుంచి వచ్చాయి. నువ్వు ఆ ప్రశ్నతో రావద్దు.

గ్రానైటుతో విసుగొస్తే బస్సెక్కి చేవెళ్ల మీదుగా వికారాబాద్ వైపు వెళ్లు. కిటికీలోంచి నేలను చూడు. ఎర్రటి చెల్క పోయి నల్లరేగడి మొదలవుతుంది. అంటే కింద రాయి మారింది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా అది, గ్రానైటు ముందు పసిబిడ్డ. లావాలో చిక్కుకున్న వాయువు బుడగలు చల్లారాక గుల్లలుగా మిగిలాయి, తర్వాత నీళ్లు వాటిలో అగేటునో, కాల్సైటునో, జియోలైట్లనో నింపాయి. పుణే, జల్‌గావ్ రాళ్లు ప్రపంచమంతా పేరు పొందింది ఈ జాతి లావా గుల్లల వల్లే. జియోలైటు తన స్ఫటికంలోనే నీటిని దాచుకుంటుంది. వేడిచేస్తే మరుగుతున్నట్టు కనిపిస్తుంది కాబట్టి 1756లో స్వీడన్‌కు చెందిన క్రాన్‌స్టెట్ ఆ పేరు పెట్టాడు, ‘మరిగే రాయి’ అని. అందుకే దాన్ని ఎండలో, ఆమ్లంలో పెట్టి శుభ్రం చేయకు. మంచినీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు.

మా గుమ్మం దగ్గర తలుపు కొట్టుకోకుండా పెట్టిన పొగరంగు పలుగురాయి నీకు గుర్తుందా? నాకు దొరికినవాటిలో అంత నిండైనది మరొకటి లేదు. గ్రానైటులో సహజంగా ఉండే రేడియోధార్మికతే కోట్ల ఏళ్లలో ఆ రంగు తెచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పునాది గోతిలో దొరికింది. ఏ పునాదో రాసుకోలేదు. ఎలా మర్చిపోతాను అనుకున్నాను. ఇప్పుడది ఏ పెగ్మటైట్ పట్టీలోదో, పక్కన ఏ ఖనిజాలుండేవో చెప్పలేను. అందుకే తలుపు దగ్గరికి చేరింది. నువ్వు రాయిని సంచిలో వేసే ముందే చీటీ రాసుకో: ఊరు, గుర్తు, ఎంత లోతు, చుట్టూ ఏ రాయి, తేదీ. ఆ చీటీతో కలిపి పాత న్యూస్‌పేపరులో చుట్టు. ఇంటికొచ్చాక రాతి మూలకు తెల్లరంగు చుక్క పెట్టి, దాని మీద నంబరు వెయ్యి.

ఖాజాగూడలో తీసిన ముక్కలు పారేయకు. వచ్చే ఆదివారం పట్టుకురా, కడగకుండా. నీ పాత చాకు కూడా తెచ్చుకో, నాది మీ పెదనాన్న వంకాయలకు తీసుకున్నారు.

నీ
పెద్దమ్మ