మౌసుతో పెట్టెలు లాగుతూ కూర్చుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది అనంతపురం. టెంట్ హౌస్ నడుపుతాను. మా పాప ఇక్కడే బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. రెండు నెలలుగా రాత్రి పన్నెండు దాకా కంప్యూటర్లో చిన్న చిన్న పెట్టెలను మౌసుతో ఒక చోటి నుంచి ఇంకో చోటికి లాగుతూ కూర్చుంటోంది. అడిగితే "మన బుకింగుల కోసమే నాయనా, డ్రాగ్ అండ్ డ్రాప్" అంటుంది. మా బావమరిదేమో అవన్నీ ఆటలు, బెంగళూరులో 80 వేలు కట్టి ఫుల్ స్టాక్ కోర్సులో చేర్చమంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, ఆ 80 వేలు ఇప్పుడే కట్టొద్దు. పాప చేస్తున్నది ఆట కాదు. కాకపోతే చాలామంది సగంలో వదిలేసే పని. ఆ మిగతా సగం గురించే మీకు చెప్పాలి.

మీ నోటు పుస్తకంతోనే మొదలుపెడతాను. పెళ్లి బుకింగు వస్తే అడ్వాన్స్ ముట్టిందని ఒక పేజీలో రాస్తారు. షామియానా, కుర్చీలు, వంట సామాను పంపాక ఇంకోచోట టిక్కు పెడతారు. అన్నీ తిరిగొచ్చాక ఎన్ని కుర్చీలు తగ్గాయో చూసి బాకీ రాస్తారు. పాప ఈ మూడింటినీ తెర మీద మూడు నిలువు వరుసలు చేసి, ఒక్కో బుకింగును ఒక్కో కార్డు చేసి ఉంటుంది. కార్డును పట్టుకుని పక్క వరుసలో వదిలితే ఆ పని ఒక మెట్టు ముందుకు పోయినట్టు. ట్రెల్లో లాంటి పేరున్న సాఫ్ట్‌వేర్లు నడిచేది ఈ పద్ధతిలోనే. ఫ్రంట్ ఎండ్, అంటే తెర మీద కనిపించే భాగం రాసే ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో మెషీన్ కోడింగ్ రౌండ్ అని ఒకటి ఉంటుంది. గంటో గంటన్నరో టైమిచ్చి ఒక చిన్న అప్లికేషన్ అప్పటికప్పుడు రాసి చూపించమంటారు. ఇలాంటి కార్డుల బోర్డు అక్కడ తరచూ అడుగుతారు.

చూడటానికి ఇది సులువే. వెబ్ పేజీ రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో డ్రాగబుల్‌ను ట్రూ అని పెడితే కార్డు మౌసు వెంట కదులుతుంది. వదలబోతే మాత్రం పాత చోటికే వెళ్లిపోతుంది. తన పేజీలో చాలా చోట్ల ఏదీ వదలనివ్వకూడదని బ్రౌజరు ముందే అనుకుని ఉంటుంది మరి. కార్డు వరుస మీదుగా పోతున్నప్పుడు డ్రాగ్‌ఓవర్ అనే ఈవెంట్, అంటే బ్రౌజరు పంపే ఒక కబురు, వస్తుంది. అందులో ప్రివెంట్ డిఫాల్ట్ అని రాసి ఆ అడ్డు తీసేస్తేనే డ్రాప్ జరుగుతుంది. ఈ ఒక్క లైను తెలియక రోజంతా తల పట్టుకున్న పిల్లలను చాలామందిని చూశాను. ఆ రోజు వృథా పోదన్నా. బ్రౌజరు తనంతట తాను ఏం చేస్తుందో, దాన్ని మనం ఎక్కడ ఆపాలో వాళ్లకు తెలిసొచ్చేది అప్పుడే.

ఇంకో చిక్కు, కార్డును అదే వరుసలో కిందికి జరపడం. పంక్తిలో పదిమంది కూర్చున్నారనుకోండి. రెండో ఆయనను లేపి ఆరో ఆయనకు ముందు కూర్చోబెట్టాలి. రెండో ఆయన లేవగానే మిగతావాళ్లు ఒక్కో విస్తరి ముందుకు జరుగుతారు, ఆరో ఆయన ఐదో చోటికి వస్తాడు. పాత లెక్కతో ఆరో చోటే అనుకుని కూర్చోబెడితే ముందు పడాల్సిన మనిషి వెనక పడతాడు. పైకి జరిపేటప్పుడు ఈ తేడా రాదు, కిందికి జరిపినప్పుడే వస్తుంది. అందుకే పట్టుకోవడం కష్టం. దీన్ని సొంతంగా కనిపెట్టి సరిచేసిన పిల్లకు క్యాంపస్ పరీక్షల్లో అరేల (వరుస జాబితాల) మీద వచ్చే ప్రశ్నలు కొత్తగా అనిపించవు.

అసలు పరీక్ష మాత్రం ఫోన్లో ఉంది. ఆ మధ్య కడప నుంచి ఒక అబ్బాయి ఇలాంటి ప్రాజెక్టే తెచ్చి చూపించాడు. లాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. లింకును నా ఫోన్లో తెరిచి కార్డును వేలితో లాగాను. కార్డు అక్కడే ఉంది, పేజీ మొత్తం పైకి జారింది. మళ్లీ లాగాను, మళ్లీ పేజీయే జారింది. అబ్బాయి ముఖం చిన్నబోయింది. వాడి తెలివికేం లోటు లేదు, అప్పటిదాకా ఒక్కసారి కూడా ఫోన్లో తీసి చూడలేదు, అంతే. ఈ డ్రాగ్ అండ్ డ్రాప్ పద్ధతి 1999 నాటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 బ్రౌజరులో పుట్టి, తర్వాత హెచ్‌టీఎంఎల్5 ప్రమాణంలోకి వచ్చింది. మౌసు కాలం నాటిది కాబట్టి ఫోన్లో దాన్ని పూర్తిగా నమ్ముకోలేం. పాయింటర్ ఈవెంట్లు అనేవి వేరే ఉన్నాయి. మౌసు, వేలు, పెన్ను మూడింటికీ ఒకే కోడ్ సరిపోతుంది. వాటితో రాసి, పేజీ రూపు చెప్పే సీఎస్‌ఎస్‌లో టచ్ యాక్షన్‌ను నన్ అని పెడితే లాగేటప్పుడు పేజీ జారదు. అయితే కార్డంతటికీ పెడితే పేజీని పైకీ కిందికీ జరపడానికి వేలు ఆనించే చోటే మిగలదు. కార్డు మూలన పిడిలాగా ఒక చిన్న గుర్తు పెట్టి, దానికి మాత్రమే ఇది పెట్టాలి. ఆ అబ్బాయి పది రోజుల్లో ఇవన్నీ సరిచేసుకుని మళ్లీ వచ్చాడు. ఈసారి ఫోన్ తనే తీసి నా చేతికిచ్చాడు.

పాపను ఇంకో బటన్ కూడా పెట్టమనండి. కార్డు మీద "తర్వాతి వరుసకు పంపు" అని. వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ పెట్టిన నియమాల్లో, 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లో ఇది ఉంది: లాగక తప్పని పనులు తప్ప, లాగి చేసే దేన్నయినా లాగకుండా నొక్కి కూడా చేసుకోగలగాలి. చేతులు వణికే పెద్దవాళ్లున్నారు. లారీ దగ్గర ఒక చేత్తో కుర్చీల చీటీ, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని నిలబడే మీరున్నారు.

పేజీని రిఫ్రెష్ చేసినా కార్డులు పెట్టిన చోటే ఉండాలి. ముందు బ్రౌజరులోని లోకల్ స్టోరేజ్‌లో దాచమనండి, తర్వాత సర్వర్, డేటాబేస్ కలపమనండి. మీ బావమరిది చెప్పే ఫుల్ స్టాక్ అంటే ఇదే. ఎమ్‌డీఎన్ అనే వెబ్‌సైటులో అన్నీ ఉచితంగా, ఉదాహరణలతో ఉన్నాయి. సార్టబుల్‌జేఎస్, డీఎన్‌డీ కిట్ లాంటి లైబ్రరీలు (ఇతరులు రాసిపెట్టిన కోడ్) వాడొచ్చు, కానీ ఒకసారి చేత్తో రాశాకే.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. ఈ ఒక్కదానితో ఉద్యోగం రాదు. క్యాంపస్‌కు వచ్చే పెద్ద కంపెనీలు మొదట ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్షలతోనే వడపోస్తాయి. రోజూ సాయంత్రం గంటన్నర వాటికి పోవాలి. ఆ తర్వాతే బోర్డు. రాత్రి పన్నెండు అంటున్నారు, పదకొండుకు పడుకోమనండి. కోర్సు సంగతి నాలుగో సంవత్సరంలో చూద్దాం. అడగడానికి ఎవరూ లేక ఎక్కడైనా ఆగిపోయానని పాపే అంటే, అప్పుడు కూడా డెమో క్లాసులు విన్నాకే డబ్బు కట్టండి.

మీరు చేయాల్సింది ఒకటుంది. వచ్చే మాఘమాసం ముహూర్తాల బుకింగులన్నీ నోటు పుస్తకంతో పాటు ఆ బోర్డులో కూడా ఎక్కించండి, మీ ఫోన్ నుంచే. కార్డు ఎక్కడ ఇరుక్కుందో, ఏ మాట అర్థం కాలేదో ఆ రాత్రే పాపకు చెప్పండి. ఆమె సరిచేసిన ప్రతిదాన్నీ కోడ్ దాచుకునే గిట్‌హబ్ వెబ్‌సైటులో పెడితే తేదీతో నమోదవుతుంది. సీజను అయ్యాక రెజ్యూమెలో ఇలా రాయమనండి: "మా నాన్న టెంట్ హౌస్ బుకింగులు ఒక సీజనంతా ఈ బోర్డు మీద నడిచాయి. మౌసుతో, వేలితో, బటన్‌తో పనిచేస్తుంది. లింకు ఇదిగో."