మారిషస్ టూర్‌కి పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

కరీంనగర్ నుంచి ఒక సోదరి అడిగారు. ఇద్దరి జీతాలు కలిపి 1,10,000, హోమ్ లోన్ ఈఎంఐ 28 వేలు, సిప్ 10 వేలు, ఇంటి ఖర్చులన్నీ పోను నెలకి 30 వేలు మిగులుతుందట. వచ్చే ఏడాది డిసెంబర్‌లో పిల్లలతో మారిషస్ వెళ్దామనుకుంటే ఏజెంట్ 3 లక్షల ప్యాకేజీ చెప్పాడు, లోన్ తీసుకోవాలా, ఏడాదిపాటు సిప్ ఆపేయాలా అని ప్రశ్న. బాబుకి ఏడేళ్లు, పాపకి ఈ నవంబర్‌లో మొదటి పుట్టినరోజు.

రెండూ వద్దమ్మా. 3 లక్షలు 14 శాతం వడ్డీకి రెండేళ్లకి తీసుకుంటే నెలకి దాదాపు 14,400 కట్టాలి, వడ్డీయే 45 వేలు దాటుతుంది. ఏజెంట్ నో కాస్ట్ ఈఎంఐ, అంటే పైకి వడ్డీ లేని వాయిదాలు అంటాడు, అందులో కూడా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ మీ మీదే పడతాయి, ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తావని అడిగి చూడండి, అసలు రేటు అప్పుడు బయటికొస్తుంది.

నేనైతే ముందు తేదీ మార్చమంటాను. డిసెంబర్ అంటే అక్కడ ఎండాకాలం, తుఫాన్ల సీజన్ కూడా, పైగా క్రిస్మస్‌కి యూరప్ వాళ్లంతా దిగుతారు కాబట్టి టికెట్లు, హోటళ్లు రెండూ మండిపోతాయి. అదే దసరా సెలవులైతే బాబుకి స్కూలు పోదు, అక్టోబర్‌లో అక్కడ వర్షాలు బాగా తక్కువ. ఇంకో పెద్ద విషయం పాప వయసు. రెండేళ్లు నిండని పిల్లలకి ఒళ్లో కూర్చోబెట్టుకునే టికెట్ ఇస్తారు, మామూలుగా పెద్దవాళ్ల ఛార్జీలో పదో వంతు ఉంటుంది, రెండేళ్లు నిండాయంటే సీటు కొనాల్సిందే, దానికి పెద్దవాళ్ల టికెట్‌కి కాస్త తక్కువ అంతే. వచ్చే ఏడాది నవంబర్‌లో పాపకి రెండేళ్లు నిండుతాయి కదా, దసరాకి వెళ్తే ఆ డబ్బు మిగిలినట్టే. రిటర్న్ ఫ్లైట్ కూడా పుట్టినరోజుకి ముందే ఉండాలి, అది మాత్రం మర్చిపోకండి.

డబ్బు సంగతికొస్తే, మిగిలే 30 వేలల్లో 24 వేలు పక్కన పెట్టండి, 11 నెలలకి 2,64,000, వడ్డీతో 2,70,000 దాటుతుంది, మిగతా 6 వేలు ఇంట్లో అవసరాలకి ఉండనివ్వండి. మొత్తం ఒకే ఆర్డీలో (బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేయకండి, ఎందుకంటే టికెట్లు మూడు నాలుగు నెలల ముందే కొనాలి, అప్పుడు ఆర్డీ మధ్యలో క్లోజ్ చేస్తే పెనాల్టీ. టికెట్ల భాగం లిక్విడ్ ఫండ్‌లో (కావాల్సినప్పుడు త్వరగా తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్), హోటల్, ఖర్చుల భాగం ఆర్డీలో పెట్టుకోండి. షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్ జోలికి మాత్రం పోవద్దు, ఏడాదిలో కావాల్సిన డబ్బు అది.

హైదరాబాద్ నుంచి ముంబై, అక్కడి నుంచి ఆరు గంటల పైన ఫ్లైట్. రెండూ ఒకే పీఎన్‌ఆర్ మీద, అంటే ఒకే బుకింగ్‌లో తీసుకోండి. వెయ్యి రూపాయలు తగ్గుతుందని విడివిడిగా కొంటే మొదటిది లేటై రెండోది మిస్సయినప్పుడు ఎవరూ పూచీ ఉండరు, నలుగురికీ అప్పటికప్పుడు మళ్లీ టికెట్లు కొనాల్సి వస్తే మీ ప్లాన్ మొత్తం అక్కడే పోతుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా పిల్లలతో సహా తీసుకోండి, అందులో పిసినారితనం వద్దు.

మనవాళ్లకి ముందస్తు వీసా అక్కర్లేదు, ఆ ఖర్చు లేదు. ప్యాకేజీ కొంటే ఏజెంట్ టీసీఎస్ అని ముందస్తు పన్ను వసూలు చేస్తాడు, అది పోయిన డబ్బు కాదు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో సర్దుకోవచ్చు, కాకపోతే ట్యాక్స్ కట్టేవాళ్ల పాన్ ఇవ్వండి. మీరే టికెట్లు ఒకచోట, హోటల్ ఒకచోట బుక్ చేసుకుంటే ఆ గొడవే ఉండదు. అక్కడ డెబిట్ కార్డు గీస్తే చాలా బ్యాంకులు మూడున్నర శాతం దాకా మార్కప్ (విదేశీ కరెన్సీ మార్చినందుకు ఛార్జీ), దాని మీద జీఎస్టీ వేస్తాయి, అంటే లక్షకి 4,130, అందుకే మార్కప్ లేని కార్డు ఒకటి చూసుకోండి. కార్డు గీసే మిషన్ ఇండియన్ రూపాయల్లో కట్టమంటే వద్దనండి, మారిషస్ రూపాయల్లోనే కట్టండి. 2024 ఫిబ్రవరి నుంచి యూపీఐ కూడా మొదలైంది గానీ దాని మీదే ఆధారపడకండి.

హోటల్‌కి పడమటి వైపు ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ చూడండి, గాలి తక్కువ, పిల్లలకి నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి, బీచ్‌కి టికెట్ లేదు. రోజూ హోటల్ భోజనమే అక్కర్లేదు, వీధుల్లో దాల్ పూరీ చవగ్గా దొరుకుతుంది.

పాప పాస్‌పోర్ట్‌కి ఇప్పుడే అప్లై చేయండి. బాబుది ఉంటే తేదీ చూడండి, పిల్లల పాస్‌పోర్ట్ ఐదేళ్లే, ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలలు మిగిలి ఉంటే మంచిది.