నాలుగు నెలలు నిలిచిపోయిన ఏటీవీ

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె దగ్గరి పల్లె. చీనీ తోటలో ఎరువు బస్తాలు మోయడానికి కొన్న ఏటీవీ (ఎగుడుదిగుడు నేలపైనా నడిచే నాలుగు చక్రాల బండి) నాలుగు నెలలుగా షెడ్డులోనే ఉంది. ఇప్పుడు తాళం తిప్పితే లైటు వెలుగుతోంది కానీ, బటన్ నొక్కితే టక్‌టక్‌మనే శబ్దం తప్ప ఇంజన్ తిరగడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఆ శబ్దం వస్తోందంటే స్టార్టర్ రిలే (ఇంజన్‌ను తిప్పే స్టార్టర్ మోటారుకు కరెంటు వదిలే స్విచ్) వరకు కరెంటు చేరుతోందని అర్థం కనుక, న్యూట్రల్, బ్రేకు స్విచ్‌లను అనుమానించనక్కరలేదు. మొదట బ్యాటరీని చూడండి. మల్టీమీటరుతో కొలిచినప్పుడు నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి, 12.4 కన్నా తక్కువైతే ఛార్జింగ్ పెట్టండి. ఛార్జింగ్ తర్వాత కూడా బటన్ నొక్కిన క్షణంలో రీడింగు 9 వోల్టులకు పడిపోతుంటే, ఆ బ్యాటరీ లైటును వెలిగించగలిగినా స్టార్టర్ మోటారును తిప్పలేని స్థితికి వచ్చిందన్నమాట, మార్చక తప్పదు. బ్యాటరీ బాగుంటే, తాళం తీసేసి, ముందు నెగటివ్ తీగను విప్పి, టెర్మినళ్లపై పేరుకున్న తెల్లటి పొడిని గీకి శుభ్రం చేయండి. ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ తీగను చాలామంది మరచిపోతారు. అక్కడి తుప్పు కూడా ఇదే లక్షణం చూపిస్తుంది.

ఇంజన్ తిరిగినా అంటుకోకపోతే, కారణం చాలావరకు పాత పెట్రోలే. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది కనుక, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, ట్యాంకులోని, కార్బురేటరు గిన్నెలోని పెట్రోలును వంపేసి ట్యాంకులో కొత్తది పోయండి. మన ప్రాంతపు ఎర్రదుమ్ము ఎయిర్ ఫిల్టరును త్వరగా మూసేస్తుంది, దాన్నీ విప్పి చూడండి. షెడ్డులో ఎలుకలుంటే, సీటు కింది వైర్లను తప్పక పరిశీలించండి.