పుస్తకం తెరిచే ముందు మిక్సీ జారు చూడు బిడ్డా

బిడ్డా,

చిన్నోనికి పాలు, పల్లీలు పడవని డాక్టరమ్మ తేల్చి చెప్పిందని, వీగన్ వంటల పుస్తకం కొందామనుకుంటున్నవని రాసినవు. కొనుడు మంచిదే. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి లేకుంట పొద్దుగాల టిఫిన్ నుంచి రాత్రి బువ్వ దాకా ఎట్ల ఎల్లదీయాల్నో ఆ పుస్తకాల్ల దొరుకుతది. కానీ ముందుగాల ఒక సంగతి గట్టిగ మనసుల పెట్టుకో. వీగన్ అంటే జంతువుల నుంచి వచ్చింది ఏదీ అందుల లేదని అర్థం. అలర్జీ రాదని కాదు. పాలు తీసేసిన కాడ చాలా పుస్తకాలు మీగడకు బదులు జీడిపప్పు ముద్ద, పనీరుకు బదులు సోయా తోఫు, వెన్నకు బదులు పల్లీల ముద్ద పెడుతయి. ఇది చూసుకోకపోతే పాల గండం తప్పించుకోని పల్లీల గండంల పడ్డట్టయితది.

దుకాణంల పుస్తకం చేతికి తీసుకున్నప్పుడు బొమ్మలు చూడకు. ఏవన్న 20 వంటలు తెరిచి, పల్లీలు, జీడిపప్పు లేకుంట ఎన్నున్నయో లెక్కవెట్టు. సగం కూడ లేకుంటే ఆ పుస్తకం వద్దు. మంచి పుస్తకంల ప్రతి వంట పైన జీడిపప్పు, బాదం అసొంటి గింజలు, సోయా, గోధుమ ఉన్నయా లేవా అని రాసి ఉంటది. ఒక్కో సరుకు ఎందుకు ఏస్తున్నరో కూడ చెప్తది. చిక్కదనానికా, నూనెతనానికా, పులుపుకా అనేది తెలిస్తేనే దాని జాగల వేరేది ఏయగలం.

ఇంకోటి. వానికి కోడిగుడ్డు, మాంసం కూర పడుతున్నయి. వీగన్ పుస్తకం తెచ్చినమని అవి బంద్ చెయ్యకు. ఎదిగే పిల్లగానికి పాలు పోవుడే పెద్ద లోటు, ఉన్న బలాన్ని మనమే తీసేయొద్దు. కాల్షియంకు రాగులు వాడు. 100 గ్రాముల రాగుల్ల సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటది. మునగాకు పప్పుల వెయ్యి. అయినా కాల్షియం మందు, విటమిన్ డి కావాల్నా అని డాక్టర్‌ను అడుగు.

ఇంట్ల పెద్దలకు ఓపికగ చెప్పాల్సినవి కొన్నున్నయి. పాలు అరగకపోవుడు వేరు, పాల అలర్జీ వేరు. అరగకపోతే పాలల్ల ఉండే లాక్టోజ్ అనే చక్కెరతోటి ఇబ్బంది, కడుపు ఉబ్బుతది, అంతే. అలర్జీ పాలల్ల ఉండే ప్రోటీన్ తోటి వస్తది, పానం మీదికి తెస్తది. అందుకే లాక్టోజ్ తీసేసిన పాలు కూడ వానికి పనికిరావు. బర్రె పాలు, మేక పాలు తాపిద్దామంటరు, వాటిల్ల కూడ దాదాపు అసొంటి ప్రోటీనే. నెయ్యి ఎంత కాచినా పాల ప్రోటీన్ కొంచెమన్న మిగుల్తది. "ఒక్క చుక్క బువ్వల ఏస్తే ఏమైతది" అన్నోళ్లకు ఈ మాటే చెప్పు.

ఇగ మిక్సీ జారు. పల్లి చట్నీ పట్టిన జారును ఎంత కడిగినా బ్లేడు కింది వాషరు విప్పి చూస్తే జిగురు జిగురుగ పల్లి పిండి పట్టుకోని ఉంటది. మంట మీద కాగినా, వేడి నీళ్లు పోసినా అలర్జీ గుణం పోదు. సబ్బు పెట్టి రుద్ది కడిగితేనే పోతది, వాషరుల సందు దాకా సబ్బు పోదు. వానికి ఒక కొత్త జారు కొను. రోలు, కట్టె గంటె, మట్టి కుండ కూడ వేరే పెట్టు, అవి పీల్చుకుంటయి. నూనె సంగతి కూడ చూడు. గానుగ పల్లి నూనెల పల్లి ప్రోటీన్ ఉంటది, ఇంట్లకే రానియ్యకు. పొద్దుతిరుగుడు నూనె, తవుడు నూనె వాడుకో.

కిరాణంల పుట్నాలు విడిగ తేకు. పల్లీల సంచిల ముంచిన డబ్బాతోనే పుట్నాలు తీసి ఇస్తరు. ప్యాకెట్ కొను, లేబుల్ చదువు. మన దేశపు 2020 లేబుల్ నియమాల ప్రకారం పాలు, పల్లీలు, జీడిపప్పు, బాదం అసొంటి గింజలు, గుడ్డు, సోయా, గోధుమ ఉంటే ఆ సంగతి ప్యాకెట్ మీద రాయాలె. నువ్వులు ఆ జాబితాల లేవు, కాబట్టి సరుకుల పట్టీ మొత్తం చదవాలె. పాలు అని ఉండకపోవచ్చు. కేసీన్, కేసినేట్, వే పౌడర్, మిల్క్ సాలిడ్స్ అని ఉన్నా అవి పాలే.

ఇప్పుడు వంట. మనకాడ సగం తిండి ఎన్నడో వీగనే: పచ్చిపులుసు, జొన్న రొట్టె, మక్క గట్క, పప్పుచారు. ముందుగాల ఇవి రాసుకోని ఒక నోటుబుక్కు పెట్టు, పుస్తకంలవి తర్వాత. పచ్చిపులుసుల పల్లి పొడి మాత్రం ఏయకు.

సర్వపిండి, గిన్నెప్ప, తపాలచెక్క, ఏ పేరుతోటి పిల్చినా దాంట్ల పల్లీలుంటయి. ఉట్టిగ తీసేస్తే అట్టముక్కలెక్క గట్టిగయితది, పల్లీల నూనెతనం పోయింది గదా. 2 గిలాసల బియ్యప్పిండికి 1 గిలాస తురిమిన సొరకాయ, అరగంట నానిన శెనగపప్పు 4 చెంచాలు, సన్నగ కోసిన ఎండుకొబ్బరి 2 చెంచాలు, పచ్చిమిర్చి, కల్యమాకు, ఉప్పు కలుపు. శెనగపప్పయినా, నువ్వులయినా డాక్టర్ పెట్టొచ్చంటేనే ఎయ్యి. 2 చెంచాల నూనె కాచి పిండి మీద పోసి కలిపి, తర్వాత నీళ్లు. సొరకాయ నీళ్లు వదులుతది, అందుకే కొంచెం కొంచెం పొయ్యి. గిన్నెకు నూనె రాసి పల్చగ ఒత్తి, వేలుతోటి బొక్కలు పెట్టి వాటిల్ల నూనె చుక్కలెయ్యి. మూత పెట్టి చిన్న మంట మీద 10 నిమిషాలు. రెండోది ఒత్తే ముందు గిన్నె వెనుక నీళ్లు పోసి చల్లార్చు. వేడి గిన్నెల ఒత్తితే పిండి అక్కడక్కడ గట్టిపడి సమంగ పరుచుకోదు, వేళ్లు కూడ కాలుతయి.

గుత్తివంకాయల పల్లీల జాగల, పావుకిలో వంకాయలకు ఎండుకొబ్బరి 3 చెంచాలు, గుమ్మడి గింజలు 2 చెంచాలు. గింజలు ఏంచేటప్పుడు చిటపటమని ఉబ్బంగనే దించు, ఎర్రగ అయ్యేదాక ఉంచితే చేదొస్తది. పుట్నాలు పడుతయని డాక్టర్ చెప్తే 1 చెంచా పొడి, అదీ దించే 5 నిమిషాల ముందు. ముందే ఏస్తే పులుసు పీల్చుకోని అడుగంటుతది.

సల్లకు బదులు పులిసిన గంజి తాపు. చల్లారిన గంజి 2 గిలాసలు, అన్నం 2 చెంచాలు కుండల పోసి రాత్రంత ఉంచు. చలికాలంల ఇంకింత సేపు పడుతది. ఉప్పు, దంచిన అల్లం, కల్యమాకు ఏసి నీళ్లు కలుపు. జిగటగ తీగలు సాగినా, వాసన తేడా వచ్చినా పారబొయ్యి. కుండ కొత్తదే కావాలె, పెరుగు తోడువెట్టిన కుండల పోస్తే ఇంత కష్టమూ వృథా.

నోటుబుక్కు మొదటి పేజీల ఇది రాసి ఫ్రిజ్ మీద కూడ అంటించు: పెదవులు వాచుడు, గొంతు బొంగురుపోవుడు, దగ్గు, ఎగశ్వాస, వాంతి వెంబడి సోయి తప్పినట్టుండుడు. ఇవి కనిపిస్తే వెంటనే 108. డాక్టర్ అడ్రినలిన్ ఇంజెక్షన్ రాసిస్తే ముందుగాల అదే, తర్వాతనే మిగతాయి. దురద గోలీ ఏసి చూద్దామని కూసోవద్దు.

సద్దుల బతుకమ్మ నాడు చాలా జాగ్రత్త. పెరుగు సద్ది, నువ్వుల సద్ది, పల్లి పొడి అన్నీ ఒక్క కాడికే వస్తయి, ఒకే చెయ్యితోటి పంచుతరు. వానికి చింతపండు సద్ది, కొబ్బరి సద్ది ఇంట్లనే కలిపి మూత గట్టిగున్న డబ్బల పెట్టుకోని పో. ఆట మొదలుకాకముందే చుట్టుపక్కల ఆడోళ్లందరికి చెప్పు, వాని చేతుల ఏమీ పెట్టొద్దని.