బాబు పేరిట దాచిన డబ్బు బాబుకు అందాలంటే

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. మూడో ఏట ఆటిజం అని చెప్పారు. మాటలు కొద్దిగా వచ్చాయి, పనులకు ఇంకా నా సాయం కావాలి. పాపకు నాలుగేళ్లు. మావారికి 39 ఏళ్లు, హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 92 వేలు వస్తుంది. బాబు కోసం నేను కాలేజీలో ఉద్యోగం మానేశాను. థెరపీలకు, స్పెషల్ స్కూలుకు నెలకు 30 వేలు అవుతోంది. బాబు పేరిట 9 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లు, నెలకు 8 వేలు కట్టే ఎండోమెంట్ పాలసీ, సంగారెడ్డి వైపు సుమారు 25 లక్షలు పలికే స్థలం ఉన్నాయి. స్థలం అమ్మి స్టెమ్ సెల్ చికిత్స చేయించమని బంధువులు పోరుతున్నారు. వికలాంగ పిల్లల పాలసీ తీసుకుంటే పన్ను మిగులుతుందని ఏజెంటు అంటున్నాడు. మా తర్వాత వాడి గతి ఏమిటన్నదే మా దిగులు. ఆస్తంతా పాప పేరిట రాస్తే అన్నయ్యను చూసుకోదా? నేను మళ్లీ ఉద్యోగంలో చేరాలనుకోవడం స్వార్థమా? (ఓ పాఠకురాలు)

జవాబు: ముందు స్థలం సంగతి తేల్చేద్దాం. స్టెమ్ సెల్ చికిత్స కోసం దాన్ని అమ్మవద్దు. ఆటిజానికి ఈ చికిత్సను సిఫారసు చేయడం లేదని, దాన్ని ప్రచారం చేసే వైద్యుల తీరు వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుందని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. నయమవుతుందన్న మాట మీద పాతిక లక్షలు పోస్తే, బాబుకు నలభై ఏళ్లు వచ్చాక ఆ పాతిక లక్షల లోటు వాడి కంచంలోనే కనిపిస్తుంది. బంధువులది మంచి మనసే కావచ్చు. అయినా ఖర్చు మీది, భవిష్యత్తు వాడిది.

ఇక అసలు లెక్క. మీరిద్దరూ లేని కాలంలో బాబుకు నెలకు ఎంత కావాలి? తిండి, మందులు, పగలు గడిపే కేంద్రం ఫీజు, ఇంట్లో సాయానికి ఓ మనిషి. ఉండటానికి ఇల్లుంటే నేటి ధరల్లో 25 వేలు అనుకుందాం. ఆరు శాతం చొప్పున ధరలు పెరిగితే ముప్పై ఏళ్లకు ఇదే ఖర్చు నెలకు లక్షా నలభై వేలు దాటుతుంది. ఆ అంకె చూసి భయపడవద్దు, జీతాలూ రాబడులూ కూడా అప్పటికి పెరిగే ఉంటాయి. అందుకే నేటి రూపాయల్లోనే చూద్దాం. మీ తర్వాత బాబు మరో నలభై ఏళ్లు ఉంటాడనుకుని, దాచిన సొమ్ము ధరల కంటే ఏటా రెండు శాతం ఎక్కువ పెరుగుతుందనుకుంటే, కావలసింది దాదాపు 82 లక్షలు.

ఇప్పుడు అదే లెక్కను 15 వేలతో వేయండి. 49 లక్షలు చాలు. తేడా 33 లక్షలు, అంటే మీ స్థలం ధర కంటే ఎక్కువ. నెలకు ఆ పది వేలు ఎక్కడ తగ్గుతాయి? బాబు తనంతట తాను స్నానం చేసి బట్టలు వేసుకోగలిగితే, కుక్కర్‌లో అన్నం పెట్టుకోగలిగితే, తెలిసిన దారిలో బస్సెక్కి దిగగలిగితే, వంద రూపాయల నోటిచ్చి చిల్లర తెచ్చుకోగలిగితే, రోజంతా కావలసిన మనిషి రెండు పూటలకు చాలు. ఇవన్నీ వాడికి వస్తాయని నేను మాట ఇవ్వలేను. కొన్ని వచ్చినా లెక్క మారుతుంది. బాబు భవిష్యత్తు మీద మీరు పెట్టుకునే ఆశకు నా చేతిలో ఉన్న కొలమానం ఇదొక్కటే.

కాబట్టి నెలనెలా కట్టే ఆ 30 వేలను ఒకసారి పరీక్షకు పెట్టండి. గడిచిన ఆరు నెలల్లో ఇంట్లో వాడు చేసుకునే పని ఏది కొత్తగా వచ్చిందని థెరపిస్టును అడగండి. రంగుల పేర్లు, ఇంగ్లిష్ నెలల పేర్లు చెప్పించి పంపేచోట సగం డబ్బు వృథా. పళ్లు తోముకోవడం, అడిగి తీసుకోవడం, వేచి ఉండటం నేర్పేచోట ఫీజు కాస్త ఎక్కువైనా కట్టండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ నీపిడ్‌లో పరీక్షలు, తల్లిదండ్రులకు మార్గదర్శనం దొరుకుతాయి. ప్రైవేటు కేంద్రం రాసిచ్చిన థెరపీ ప్రణాళికపై అక్కడ రెండో అభిప్రాయం తీసుకోండి. మన దేశంలో ఆటిజం తీవ్రతను కొలిచే ఇసా అనే ప్రమాణం రూపొందింది కూడా ఆ సంస్థలోనే.

ఇప్పుడు పొదుపు. ఎండోమెంట్ పాలసీ అంటే బీమా, పొదుపు కలిపి అమ్మేది. అందులో బీమా తక్కువ, రాబడీ తక్కువ. మూడేళ్లు దాటి ఉంటే పెయిడప్ చేసేయండి, అంటే ఇక ప్రీమియం కట్టకుండా పాలసీని అలాగే ఉంచేయండి. మిగిలే 8 వేలకు మరో 4 వేలు కలిపి, నెలకు 12 వేలతో షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో సిప్ (నెలనెలా కట్టే పెట్టుబడి) మొదలుపెట్టి ఏటా ఎనిమిది శాతం పెంచుతూ పోండి. ఇరవై ఏళ్లు పది శాతం రాబడి వస్తే కోటిన్నర అవుతుంది, నేటి విలువలో 47 లక్షలు. ఆ పది శాతం హామీ కాదు, నా అంచనా. దానికి డిపాజిట్లూ స్థలమూ కలిపితే 82 లక్షల అంచుకు వస్తారు. స్థలాన్ని మాత్రం మీకు అరవై వచ్చేలోపు అమ్మి డబ్బుగా మార్చండి. హద్దు రాళ్లు జరిపేవాళ్లతో పోరాడటం బాబుకు చేతకాదు. మీవారి పీఎఫ్ జోలికి వెళ్లకండి, అది మీ ఇద్దరి ముసలితనానికి. మీకు గడవకపోతే ఆ భారం పాప మీద పడుతుంది.

పైన చెప్పిందంతా మీవారు మరో ఇరవై ఏళ్లు సంపాదిస్తేనే. అందుకని అన్నిటికంటే ముందు, ఈ నెలలోనే, ఆయన పేరిట కోటిన్నరకు టర్మ్ పాలసీ (పొదుపు లేని, ప్రాణానికి మాత్రమే బీమా) తీసుకోండి. వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. దరఖాస్తులో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద అన్న గడిని ఎంచుకోండి. 1874 నాటి ఆ చట్టం ప్రకారం పాలసీ సొమ్ము భార్యాపిల్లల కోసం ఏర్పడిన ట్రస్టు సొమ్ముగా లెక్క. అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోలేరు, సొమ్ము ట్రస్టీ చేతికి వస్తుంది. లబ్ధిదారులను తర్వాత మార్చడం కుదరదు కనుక పేర్లు ఆలోచించి రాయండి.

ఏజెంటు చెప్పిన పన్ను మినహాయింపు నిజమే. 80డీడీగా అందరికీ తెలిసిన సెక్షన్ కింద కనీసం 40 శాతం వైకల్యానికి 75 వేలు, 80 శాతం, ఆపైన ఉంటే లక్షా పాతిక వేలు పన్ను లెక్కించే ఆదాయంలోంచి తగ్గిస్తారు. అది పాత పన్ను పద్ధతిలో ఉన్నవారికే. కొత్త పద్ధతిలో ఏటా 12 లక్షల 75 వేల వరకు జీతం మీద పన్నే పడదు. మీవారి జీతం ఆ గీతకు కాస్త అటో ఇటో ఉండేలా ఉంది. కట్టనవసరం లేని పన్నును మిగుల్చుకోవడానికి పాతికేళ్లు ప్రీమియం కట్టడమెందుకు? ఏజెంటును మర్యాదగా పంపేయండి.

డిపాజిట్ల దగ్గర ఒక మెలిక ఉంది. మైనర్ పిల్లల ఆదాయాన్ని మామూలుగా తల్లిదండ్రుల ఆదాయంలో కలుపుతారు. వైకల్యం ఉన్న పిల్లల విషయంలో కలపరు. అంటే ఇవాళ బాబు పేరిట ఉండటం పన్ను పరంగా మేలే. చిక్కు వాడికి 18 నిండిన రోజున మొదలవుతుంది. ఆ రోజు నుంచి కన్నతల్లి అయినా చట్టం దృష్టిలో మీరు వాడి సంరక్షకురాలు కారు. బ్యాంకు వాడి సంతకం అడుగుతుంది. ఆటిజం, మేధో వైకల్యం లాంటివి ఉన్నవారి కోసం చేసిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం జిల్లా కలెక్టర్ అధ్యక్షతన స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. 18 దాటాక ఆ కమిటీకి దరఖాస్తు చేసి చట్టబద్ధ సంరక్షకులుగా ధ్రువపత్రం తీసుకోవాలి. బ్యాంకులు ఆ పత్రాన్ని అంగీకరించాలని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. సంరక్షకులు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఆ పైన ఏటా లెక్కలు కమిటీకి ఇవ్వాలి. కొత్త డిపాజిట్లు మాత్రం ఇకపై మీ పేరిట వేయండి. మీ ఖాతాల్లో బాబును నామినీగా పెట్టే అలవాటు కూడా మానండి, వాడి చేతికి చెక్కు వచ్చినా వాడేం చేసుకోగలడు?

పాప పేరిట అంతా రాయడం గురించి. అమ్మా, ఆ నాలుగేళ్ల పిల్ల పెద్దయ్యాక అన్నను ప్రాణంగా చూసుకుంటుందనే నేనూ అనుకుంటాను. కానీ ఆస్తి ఆమె పేరిట పడ్డాక చట్టం దృష్టిలో అది ఆమెది, అందులో బాబుకు హక్కేమీ మిగలదు. ఆమె భర్త వ్యాపారం దెబ్బతిన్నా, ఆమె విదేశంలో స్థిరపడినా, అన్న కంటే ముందే ఆమెకు ఏమైనా అయినా, వాడి కోసం దాచింది ఇంకెవరి చేతిలోనో ఉంటుంది. పైగా ఆస్తి రూపంలో బాధ్యతను నెత్తిన పెడితే, నాళ్లు గడిచాక ప్రేమ ఏదో లెక్క ఏదో ఆమెకే తెలియదు. పాప చదువుకు వేరుగా దాచండి. అన్న సొమ్ము ట్రస్టులో పెట్టి, పాతికేళ్లు దాటాక ఆమెను ట్రస్టీల్లో ఒకరిని చేయండి. డబ్బు సరిగ్గా ఖర్చవుతోందా అని చూడటం ఆమె పని, రోజూ అన్నం కలిపి పెట్టడం కాదు.

ట్రస్టు అంటే కోటీశ్వరుల వ్యవహారం అనుకోవద్దు. ఇప్పటికి వీలునామాలోనే ట్రస్టు ఏర్పాటు రాస్తే చాలు. మీరిద్దరూ విడివిడిగా వీలునామా రాయండి, ఇద్దరేసి సాక్షులతో సంతకాలు చేయించండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే తర్వాత తగవులు తగ్గుతాయి. మా తదనంతరం ఫలానా ఆస్తులు బాబు ఒక్కడి మేలు కోసం ట్రస్టుకు చెందాలి, ట్రస్టీలు వీరు, నెలనెలా ఈ అవసరాలకు ఇవ్వాలి, వాడి తర్వాత మిగిలింది ఫలానావారికి అని ఉండాలి. లబ్ధిదారు ఒక్కడే, వాటా స్పష్టం కనుక రాబడి మీద పన్ను వాడి శ్లాబుల ప్రకారమే పడుతుంది. ట్రస్టీలు ముగ్గురుండనివ్వండి: మీ తమ్ముడి లాంటి దగ్గరివాడొకరు, మీవారి స్నేహితుల్లో లెక్కలు తెలిసినవారొకరు, మరో ఆటిజం బిడ్డ తల్లో తండ్రో ఒకరు. కనీసం ఇద్దరు మీకంటే పదేళ్లు చిన్నవాళ్లై ఉండాలి. బాబుతో ఉండేవాళ్లు, డబ్బు ఇచ్చేవాళ్లు ఒకరే కాకుండా చూడండి. ఈ ఒక్క జాగ్రత్త లేక చెడిన ఏర్పాట్లు నేను చూసినవాటిలో చాలానే ఉన్నాయి.

వీలునామాతోపాటు ఒక నోటు పుస్తకం పెట్టండి. న్యాయవాది రాయలేనిది, మీరే రాయవలసింది. బాబు ఏ కూర తింటాడు, పెరుగన్నం చల్లగా ఉంటే తోసేస్తాడా, మిక్సీ మోతకు చెవులు మూసుకుంటే ఏం చేస్తారు, ఏ మందు పడదు, మూర్ఛలు వచ్చాయా, కోపం వచ్చే ముందు వాడి చేతులు ఏం చేస్తాయి, నిద్రపోయే ముందు ఏ పాట కావాలి, ఎవరిని చూస్తే నవ్వుతాడు. తేదీ వేసి ఏటా వాడి పుట్టినరోజున తిరగరాయండి. మీరు పది రోజులు ఆసుపత్రిలో ఉంటే ఇంటికొచ్చిన పిన్నికి మొదట పనికొచ్చేది ఈ పుస్తకమే. ఇప్పటికి దాని ఖర్చు ముప్పై రూపాయలు.

కాగితాలు కూడా చక్కబెట్టుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవారికి ఇచ్చే జాతీయ గుర్తింపు కార్డు) లేకపోతే తీసుకోండి, ఆ చట్టం ఇచ్చే వాటికి తాళంచెవి అదే. ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజం ఉన్న వర్గానికి ఒక శాతం ఉంది, బాబు ఎంత దూరం వెళతాడో ఇప్పుడే ఎవరు చెప్పగలరు? నేషనల్ ట్రస్ట్ నిరామయ పథకంలో చేరితే లక్ష రూపాయల ఆరోగ్య బీమా దొరుకుతుంది, ముందస్తు వైద్య పరీక్షలు అడగరు, థెరపీ ఖర్చుల్లోనూ కొంత తిరిగి వస్తుంది. తెలంగాణలో నెలకు 4,016, ఆంధ్రప్రదేశ్‌లో 6,000 వికలాంగుల పింఛనుకు ఆదాయ పరిమితులున్నాయి, ఇప్పటి జీతంతో మీకు రాకపోవచ్చు. చాలామంది మరచిపోయేది ఈపీఎస్, అంటే పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పింఛను పథకం. ఉద్యోగి మరణిస్తే పిల్లల పింఛను 25 ఏళ్లతో ఆగుతుంది, శాశ్వత, సంపూర్ణ వైకల్యం ఉన్న బిడ్డకు మాత్రం జీవితాంతం వస్తుంది. మీవారి పీఎఫ్ ఖాతాలో కుటుంబ వివరాలు, బాబు వైకల్యం నమోదయ్యాయో లేదో ఈ వారమే చూడమనండి.

చివరి ప్రశ్నకు జవాబు: కాదు. మీరు నెలకు 20 వేలు తెచ్చినా సిప్ రెట్టింపు దాటుతుంది, పాప చదువుకు వేరే వెతకనక్కరలేదు. ఇంకొకటి కూడా ఉంది. రోజుకు నాలుగు గంటలు అమ్మ లేకుండా మరొకరితో గడపడం బాబుకు ఎప్పటికైనా రావలసిన విద్యే, మీరు ఆరోగ్యంగా ఉన్నప్పుడు నేర్పడం నయం. పూర్తి ఉద్యోగం వద్దు. సగం రోజు పాఠాలుండే గెస్ట్ లెక్చరర్ పనికి పాత కాలేజీలోనే అడగండి. మొదటి మూడు నెలల జీతం బాబు దగ్గర ఉండే మనిషికే పోయినా వెనక్కి తగ్గకండి.