దాచుకుని వినే పాటలు

ప్రశ్న: నాకు 16 ఏళ్లు. మా ఫ్రెండ్స్ అందరూ కొరియన్ పాప్, ర్యాప్ వింటారు కాబట్టి నా స్పాటిఫై ప్రొఫైల్‌లో కూడా అవే ప్లేలిస్టులు. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం పాత మెలోడీలే వింటాను, అదీ ఏం వింటున్నానో ఫ్రెండ్స్‌కి కనబడకుండా ప్రైవేట్ సెషన్ పెట్టుకుని. ఒక్కోసారి అది ఆన్ చేయడం మర్చిపోతా. డిసెంబర్‌లో ర్యాప్డ్ (ఏడాదంతా ఏం విన్నామో స్పాటిఫై చూపించే లెక్క) వస్తుందంటేనే టెన్షన్. నేను నటిస్తున్నానా?
- పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు టెన్షన్ సంగతి చూద్దాం. ర్యాప్డ్ కార్డు నువ్వు షేర్ చేస్తేనే నలుగురూ చూస్తారు, చేయకపోతే నీ ఫోన్‌లోనే ఉంటుంది.

ఇక నటన. అద్దం ముందు నాలుగు డ్రెస్సులు మార్చి చూసుకుంటే దాన్ని నటన అంటామా? నీ వయసులో ప్లేలిస్టు పేరు పదిసార్లు మార్చడం, కవర్ ఫొటో కోసం అరగంట వెతకడం, ఎవరైనా చూస్తారేమోనని ఒక పాట తీసేసి రాత్రికి మళ్లీ చేర్చడం, ఇవన్నీ నేనెవరిని అని తేల్చుకునే పనిలో భాగమే. పైగా ర్యాప్ కూడా నీకు కొంచెం నచ్చే ఉంటుంది, లేకపోతే ఏడాది పొడవునా భరించలేవు!

నాకు బాధనిపించేది వేరే ఉంది. పాట 30 సెకన్లు మోగితే చాలు, యాప్ లెక్కలో విన్నట్టే. ఎందుకు విన్నావో దానికి తెలీదు. ఫ్రెండ్‌తో గొడవపడి ఒకే విషాద గీతం రాత్రంతా తిప్పి తిప్పి విన్నావనుకో, నువ్వు విన్నవి చూసి యాప్ సోమవారం ఇచ్చే డిస్కవర్ వీక్లీ లిస్టులోని 30 పాటల్లో సగం ఏడుపుగొట్టువే ఉండొచ్చు. అది చూసి 'ఓహో, నేనింతే కాబోలు' అని నమ్మేసే పిల్లలున్నారు. అది నువ్వు నొక్కిన బటన్ల లెక్క, అంతే. ఏదైనా ప్లేలిస్టు ఆ లెక్కలోకి రాకూడదనుకుంటే టేస్ట్ ప్రొఫైల్ (నీకేం నచ్చుతుందో యాప్ వేసుకునే అంచనా) నుంచి తప్పించే ఆప్షన్ 2023 నుంచి ఉంది, వాడుకో. డిసెంబర్ కార్డు బాగా కనబడాలని జనవరి నుంచే పాటలు ఏరుకుని వినడం మాత్రం, నన్నడిగితే, శుద్ధ దండగ.

దాచుకోవడం తప్పేం కాదు. కానీ బాగా దగ్గరైన ఫ్రెండ్ ఒక్కరితో బ్లెండ్ పెట్టి చూడు, ఇద్దరి పాటలూ కలిపి ఒకే లిస్టు తయారవుతుంది, ఆ అమ్మాయి దాచుకున్నవీ ఒకటో రెండో బయటపడొచ్చు. గ్రూప్ ప్లేలిస్టులో నీ మెలోడీ ఒకటి పెట్టాలనిపిస్తే పెట్టు, 'పాతదే అనుకోండి, అయినా...' అంటూ సంజాయిషీ మాత్రం ఇవ్వకు. మొదటి పాటగా వద్దు, మూడోదిగా పెట్టు.